రీప్రొజెక్ట్ చేసినంత మాత్రాన అడుగులు మీటర్లు కావు

ఎత్తుల రాస్టర్‌ని, అంటే నేలని చిన్న చిన్న గళ్లుగా (పిక్సెళ్లుగా) విడదీసి ఒక్కో గడిలో అక్కడి ఎత్తు రాసిన, మనం రోజూ డెమ్ అని పిలుచుకునే ఫైలుని, ఒక ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాపు మీదికి తెచ్చే పద్ధతి) నుంచి ఇంకో ప్రొజెక్షన్‌కి మారిస్తే ఎత్తులు కూడా వాటంతటవే అడుగుల నుంచి మీటర్లకి మారిపోతాయని బెంగళూరులో ఈ పని చేసే మనవాళ్లలో చాలామంది అనుకుంటున్నారు. మారవు. మామూలుగా వార్ప్ టూల్, అంటే ప్రొజెక్షన్ మార్చే టూల్, నడిపితే మారేది పిక్సెల్ ఎక్కడుందనేదే, పిక్సెల్‌లో ఏముందనేది కాదు. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద పోస్టా అనుకోకండి. దీనివల్ల తప్పుగా తయారైన స్లోప్ మ్యాపులు, వరద మ్యాపులు, మట్టి తవ్వకం లెక్కలు నా కళ్లతో చూశాను, ఇది తెలుగులో ఒకచోట వివరంగా రాసి ఉంటే కొత్తగా చేరినవాళ్లకి పనికొస్తుందని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) ఆఫీసుల్లో తెలుగువాళ్లు బాగా ఎక్కువ. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు నుంచి సివిల్‌లోనో జియాలజీలోనో డిగ్రీ చేసి వచ్చి, ముందు డిజిటైజింగ్‌లో కూర్చుని, మెల్లగా లైడార్ (లేజర్‌తో నేల ఎత్తు కొలిచే పద్ధతి) పనిలోకి వస్తారు. మనదగ్గరికి వచ్చే పనిలో పెద్ద భాగం అమెరికాది. అక్కడ చాలా కౌంటీలు, రాష్ట్రాలు తమ లైడార్ డేటాని స్టేట్ ప్లేన్ అనే తమ రాష్ట్రాల ప్రొజెక్షన్‌లో, అడుగుల్లో ఉంచుకుంటాయి. అడ్డంగా కొలిచేదీ అడుగులే, నిలువుగా కొలిచేదీ అడుగులే. క్లయింట్ మాత్రం యూటీఎమ్‌లో (ప్రపంచాన్ని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్), మీటర్లలో కావాలంటాడు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఈమధ్య అడిగింది.

"అన్నా, యూటీఎమ్‌లోకి మార్చేశాను, ఇప్పుడన్నీ మీటర్లే కదా?"

"ఎక్స్, వై మీటర్లే. జెడ్ సంగతి చూశావా?"

"సీఆర్‌ఎస్‌లో యూనిట్ మీటర్ అనే ఉంది కదన్నా."

జెడ్ అంటే ఎత్తు. సీఆర్‌ఎస్ అంటే ఫైలు ఏ ప్రొజెక్షన్‌లో, ఏ యూనిట్‌లో ఉందో చెప్పే వివరం. చాలా న్యాయమైన సందేహం. ఎందుకంటే స్క్రీన్ మీద కనబడేది అలాగే ఉంటుంది. కాలిఫోర్నియాలో శాన్ డియాగో వైపు డేటా అనుకుందాం. అది ఈపీఎస్‌జీ 2230లో ఉంటుంది (ఈపీఎస్‌జీ అంటే ఒక్కో సీఆర్‌ఎస్‌కి ఒక నంబరు ఇచ్చిన పట్టిక), కాలిఫోర్నియా జోన్ 6, యూనిట్ యూఎస్ సర్వే ఫుట్. ఒక పిక్సెల్ మీద ఐడెంటిఫై టూల్‌తో నొక్కితే 412.6 అని వస్తుంది. దాన్ని ఈపీఎస్‌జీ 26911లోకి, అంటే యూటీఎమ్ జోన్ 11లోకి వార్ప్ చేసి, అదే చోట మళ్లీ నొక్కండి. ఎక్స్, వై అంకెలు పూర్తిగా వేరు. లేయర్ ప్రాపర్టీస్‌లో యూనిట్స్ దగ్గర మీటర్లు అని ఉంది. పిక్సెల్ విలువ మాత్రం అదే 412.6, రీశాంప్లింగ్ (పాత గళ్ల నుంచి కొత్త గళ్ల విలువలు లెక్కగట్టడం) వల్ల పాయింటు తర్వాత అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు, అంతే. అసలు ఎత్తు 125.76 మీటర్లు. ఇప్పుడు ఆ ఫైలు ఎవరి చేతికి వెళ్లినా, సీఆర్‌ఎస్ చూసి, 412.6 మీటర్ల గుట్ట ఉందనే అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఎక్కడా ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరిక కూడా ఇవ్వదు.

ఎందుకు ఇవ్వదంటే, ఆ అంకె ఎత్తు అనే సంగతి దానికి తెలియదు కాబట్టి. రాస్టర్‌లో ఉండేది ఎత్తే కానక్కర్లేదు. వాన మిల్లీమీటర్లు కావచ్చు, ఉష్ణోగ్రత కావచ్చు, పంట పచ్చదనం సూచిక కావచ్చు, జనాభా కావచ్చు. ప్రొజెక్షన్ మార్చాం కదా అని సాఫ్ట్‌వేర్ వాన అంకెల్ని 0.3048తో గుణించేస్తే మనమే తిట్టుకుంటాం. సీఆర్‌ఎస్‌లో రాసి ఉండే యూనిట్ అడ్డం, పొడవు కొలతలకి సంబంధించినది, అంతవరకే. ఇల్లు మారినప్పుడు అడ్రసు మారుతుంది గానీ పెట్టెల్లోని సామాను మారదు కదా, వార్ప్ చేసే పని కూడా అంతే.

మరి ఎప్పటికీ మారదా అంటే, మారే దారి ఒకటుంది. సీఆర్‌ఎస్‌కి నిలువు భాగం కూడా చేర్చి చెప్పాలి. దీన్నే కాంపౌండ్ సీఆర్‌ఎస్ అంటారు. జీడాల్ అనే ఉచిత టూల్స్‌లో మధ్యలో ప్లస్ గుర్తు పెట్టి రాస్తారు: మూలం 2230+6360, గమ్యం 26911+5703. ఇందులో 6360 అంటే అమెరికావాళ్ల నావ్‌డీ88 (అక్కడ ఎత్తులకి సున్నా ఎక్కడో చెప్పే పద్ధతి) ఎత్తు, యూఎస్ సర్వే అడుగుల్లో. 5703 అంటే అదే నావ్‌డీ88, మీటర్లలో. రెండు వైపులా ఇలా స్పష్టంగా చెబితే జీడాల్‌వార్ప్ పిక్సెల్ విలువని కూడా మారుస్తుంది, మన 412.6 కాస్తా 125.76 అవుతుంది. ఒక షరతు ఉంది, ఫైల్లో ఒకటే బ్యాండ్ (అంకెల పొర) ఉండాలి. ఈ పని వద్దనుకుంటే ఆపేయడానికి నోవీషిఫ్ట్ అనే ఆప్షన్ కూడా ఉంది, దాన్ని కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఫైల్లోనే కాంపౌండ్ సీఆర్‌ఎస్ రాసి ఉండి, మీరు విడిగా క్యాలిక్యులేటర్‌తో కూడా గుణిస్తే, రెండుసార్లు మారిపోయే ప్రమాదం ఉంది. 125.76ని మళ్లీ 0.3048తో గుణిస్తే 38 మీటర్లు వస్తుంది, గుట్ట కాస్తా దిబ్బ అయిపోతుంది.

ఆర్క్‌జీఐఎస్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ రాస్టర్ టూల్‌లో వర్టికల్ అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. రెండు వైపులా వర్టికల్ కో-ఆర్డినేట్ సిస్టమ్ నిర్వచించి ఉంటేనే అది పనికొస్తుంది, జియాయిడ్ (సముద్ర మట్టం ఆకారం, కింద వివరంగా చెబుతాను) లెక్కలకి కావలసిన గ్రిడ్ ఫైళ్లు విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. చాలామంది సిస్టమ్‌లలో అవి ఉండవు.

నా మటుకు నాకు, యూనిట్ మాత్రమే మార్చాల్సిన సందర్భంలో కాంపౌండ్ దారి కంటే రాస్టర్ క్యాలిక్యులేటరే నచ్చుతుంది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాస్టర్ క్యాలిక్యులేటర్ తెరిచి, బ్యాండ్‌ని 0.3048తో గుణించి, కొత్త ఫైలుగా రాసి, ఆ తర్వాత వార్ప్ చేస్తాను. ముందు గుణించడమెందుకంటే, అప్పుడు పాత ఫైలూ కొత్త ఫైలూ ఒకే గ్రిడ్‌లో ఉంటాయి, పిక్సెల్ మీద పిక్సెల్ కూర్చుంటుంది, ఎక్కడ నొక్కినా రెండింటి నిష్పత్తి కచ్చితంగా 0.3048 రావాలి. వార్ప్ అయ్యాక అయితే రీశాంప్లింగ్ తేడా ఏదో, యూనిట్ తేడా ఏదో విడదీయడం కష్టం. లెక్క ప్రకారం చూస్తే బైలీనియర్‌తో (చుట్టూ ఉన్న నాలుగు గళ్ల సగటు తీసే రీశాంప్లింగ్) ఏది ముందు చేసినా ఫలితం ఒకటే, నేను చెప్పేది పరీక్షించుకోవడానికి ఏది సులువనే సంగతి.

ఇక్కడ డేటా టైప్ గురించి ఆగి చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. మూల ఫైలు పూర్ణాంకాల్లో, అంటే ఇంట్16లో, అడుగుల్లో ఉందనుకోండి. పక్కపక్కన నాలుగు పిక్సెళ్లు: 2901, 2902, 2903, 2904. మీటర్లలోకి మారిస్తే 884.22, 884.53, 884.83, 885.14. వీటిని ఫ్లోట్32లో, అంటే దశాంశాలు ఉండే టైప్‌లో, దాచుకుంటే ఇబ్బంది లేదు. జీడాల్‌లోని క్యాలిక్యులేటర్ జీడాల్‌క్యాల్క్ వాడేటప్పుడు టైప్ చెప్పకపోతే అది ఇన్‌పుట్ టైప్‌నే తీసుకుంటుంది, దగ్గర్లోని పూర్ణాంకానికి గుండ్రం చేసేస్తుంది. అప్పుడు వచ్చేది 884, 885, 885, 885. మూడు మెట్లు కలిసి ఒక చదును నేల అయిపోయింది. నీరు ఎటు పోతుందో చెప్పే ఫ్లో డైరెక్షన్ టూల్‌కి ఆ మూడు పిక్సెళ్ల మీద వాలే లేదు. కొండల్లో అయితే దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. చెన్నైలో పళ్లికరణై చిత్తడి నేల చుట్టుపక్కల, సముద్ర మట్టానికి కొద్ది మీటర్లే ఎత్తున్న చోట, ఒక మీటరు గుండ్రం చేయడం అంటే ఏ వీధిలోకి నీళ్లు వస్తాయో ఏ వీధిలోకి రావో చెప్పలేని మ్యాపు చేతికి వస్తుంది. అందుకే మార్పిడి అంటే ఫ్లోట్32 అని అలవాటు చేసుకోండి. క్యూజీఐఎస్ సొంత క్యాలిక్యులేటర్ ఎలాగూ ఫ్లోట్32లోనే రాస్తుంది.

నోడేటా సంగతి కూడా ఇక్కడే. డేటా లేని చోట −9999 అని పెట్టి, అది నోడేటా అని హెడర్‌లో రాయకుండా వదిలేసిన ఫైళ్లు బోలెడు తిరుగుతుంటాయి. దాన్ని 0.3048తో గుణిస్తే −3047.7 వస్తుంది, ఇక అది −9999 కాదు కాబట్టి ఏ టూలూ దాన్ని ఖాళీ అని గుర్తుపట్టదు. ఆపైన బైలీనియర్‌తో వార్ప్ చేస్తే అంచుల్లో నిజమైన ఎత్తులూ ఈ చెత్త విలువలూ కలిసిపోయి, మధ్యరకం అంకెలు పుడతాయి. అవి చూడ్డానికి ఒక్కోసారి నిజంలాగే ఉంటాయి. కాబట్టి గుణించకముందే నోడేటా సరిచేయండి, తర్వాత కాదు.

యూనిట్ తేడా వల్ల వచ్చే తప్పుల్లో నాకు బాగా బాధ కలిగించేది స్లోప్ మ్యాపు. అడ్డం కొలత మీటర్లలో, ఎత్తు అడుగుల్లో ఉంటే వాలు 3.28 రెట్లు నిటారుగా కనబడుతుంది. నిజానికి 10 డిగ్రీల వాలు, మ్యాపులో 30 డిగ్రీలు. 5 శాతం వాలు 16 శాతం. చక్కగా ఇల్లు కట్టుకోదగ్గ స్థలం కొండచరియలు విరిగిపడే ప్రాంతంగా రంగు మారిపోతుంది. హిల్‌షేడ్‌లో (కొండలకి నీడలు వేసి చూపే మ్యాపు) అయితే ఇంకా మోసం, ఎందుకంటే ఎత్తులు సాగదీస్తే నీడలు ఇంకా అందంగా కనిపిస్తాయి, చూసినవాళ్లంతా బాగుందంటారు.

దీనికి మందు జెడ్ ఫ్యాక్టర్, అంటే లెక్క వేసేటప్పుడు ఎత్తుని ఎంతతో గుణించాలో చెప్పే అంకె. ఆర్క్‌జీఐఎస్‌లో ఎత్తు అడుగుల్లో, నేల మీటర్లలో ఉంటే 0.3048 ఇవ్వాలి. జీడాల్‌లో స్లోప్ వేసే జీడాల్‌డెమ్‌లో స్కేల్ అనే ఆప్షన్ దీనికి తిరగేసి ఉంటుంది, అక్కడ నిలువు యూనిట్‌కీ అడ్డం యూనిట్‌కీ మధ్య నిష్పత్తి అడుగుతారు. డెమ్ ఇంకా అక్షాంశ రేఖాంశాల్లోనే, అంటే డిగ్రీల్లోనే ఉంటే, ఎత్తు మీటర్లలో ఉన్నప్పుడు 111120, అడుగుల్లో ఉన్నప్పుడు 370400 ఇమ్మని జీడాల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ ఒక డిగ్రీ రేఖాంశం పొడవు తగ్గుతూ పోతుంది కాబట్టి అది ఉజ్జాయింపే. బెంగళూరు 13 డిగ్రీల దగ్గర ఉంది, పర్వాలేదు. అయినా స్లోప్ కోసం యూటీఎమ్‌లోకి మార్చుకోవడమే నయం. అన్నట్టు బెంగళూరు యూటీఎమ్ జోన్ 43లో, ఈపీఎస్‌జీ 32643. జోన్ హద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం కాబట్టి కోలారు వచ్చేసరికి జోన్ 44లోకి పోతాం, చెన్నై కూడా 44లోనే. కోలారు వైపు చెరువుల పని చేసేవాళ్లు ఇది చూసుకోవాలి.

చెరువు పూడికతీత లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 10 హెక్టార్ల చెరువు, సగటున 2 మీటర్ల పూడిక తీయాలి, 2 లక్షల ఘనపు మీటర్లు. లోతు అడుగుల్లో ఉన్న రాస్టర్‌ని మీటర్లనుకుని లెక్కేస్తే 6.56 మీటర్ల లోతు, 6 లక్షల 56 వేల ఘనపు మీటర్లు. ఆ అంకె టెండర్‌లోకి వెళ్తే ఏమవుతుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఇంకో మెట్టు పైకి వెళ్దాం. యూనిట్ ఒకటే అయినంత మాత్రాన రెండు ఎత్తులు ఒకటి కావు, సున్నా ఎక్కడ అనేది కూడా ఒకటే కావాలి. దక్షిణ భారతదేశంలో పనిచేసేవాళ్లకి ఇది మిగతా ప్రపంచం కంటే ఎక్కువ అవసరం, ఎందుకో చెబుతాను. జీపీఎస్ ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ మీద నుంచి కొలిచింది, ఎలిప్సాయిడ్ అంటే భూమికి లెక్కల్లో కట్టిన నున్నటి ఆకారం. మనం సముద్ర మట్టం నుంచి ఎత్తు అనేది జియాయిడ్ మీద నుంచి కొలిచింది. ప్రపంచంలో ఈ రెండింటి మధ్య కిందికి బాగా తేడా ఉన్న చోటు శ్రీలంకకి దక్షిణంగా హిందూ మహాసముద్రంలో ఉంది, అక్కడ జియాయిడ్ దాదాపు 106 మీటర్లు కిందికి దిగిపోయి ఉంటుంది. ఆ గుంట ప్రభావం మనదాకా ఉంది. బెంగళూరులో ఈ తేడా సుమారు 86 మీటర్లు. సముద్ర మట్టానికి 920 మీటర్ల ఎత్తున్న చోట నిలబడి ఎలిప్సాయిడ్ ఎత్తు చూస్తే 834 అలా వస్తుంది. చెన్నైలో అయితే బీచ్‌లో నిలబడినవాళ్ల ఎత్తు మైనస్ 80 మీటర్ల కంటే కిందికి చూపిస్తుంది, పరికరం పాడైందని భయపడక్కర్లేదు.

ఇప్పుడు ఉచితంగా దొరికే డెమ్‌లు చూడండి. ఎస్‌ఆర్‌టీఎమ్, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ తీసిన రాడార్ డేటా, మీటర్లలో, ఈజీఎమ్96 జియాయిడ్ మీద. కోపర్నికస్ 30 మీటర్ల డెమ్, మీటర్లలో, ఈజీఎమ్2008 జియాయిడ్ మీద. ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లో దొరికే మన కార్టోడెమ్, కార్టోశాట్-1 స్టీరియో చిత్రాల నుంచి చేసింది, అది కూడా మీటర్లలోనే, కానీ డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ మీద. మూడూ మీటర్లే. ఎస్‌ఆర్‌టీఎమ్‌లోంచి కార్టోడెమ్‌ని తీసేస్తే బెంగళూరులో ఎక్కడ చూసినా 86కి దగ్గరగా ఒకే రకమైన తేడా వస్తుంది. అది చూసి కార్టోడెమ్ తప్పని రాసేసినవాళ్లు ఉన్నారు, పాపం ఆ డేటా తప్పేమీ లేదు, కొలత మొదలుపెట్టిన చోటు వేరు.

ఈ మార్పిడికి క్యాలిక్యులేటర్ చాలదు. ఎందుకంటే 86 అనేది అన్నిచోట్లా ఒకేలా ఉండదు, చోటు మారేకొద్దీ మెల్లగా మారుతుంది, దానికి గ్రిడ్ ఫైలు కావాలి. ఇక్కడ కాంపౌండ్ సీఆర్‌ఎస్ తప్పదు: 4326+5773 అంటే ఈజీఎమ్96 ఎత్తు, 4326+3855 అంటే ఈజీఎమ్2008 ఎత్తు, 4979 అంటే ఎలిప్సాయిడ్ ఎత్తు. ఈ మార్పిడులు చేసిపెట్టే ప్రోజ్ లైబ్రరీ దగ్గర ఆ గ్రిడ్ ఉండాలి, లేదా నెట్‌వర్క్ ఆన్ చేసి అప్పటికప్పుడు తెచ్చుకునేలా పెట్టాలి. గ్రిడ్ దొరక్కపోతే ఒక్కోసారి ఎత్తులు ఏమీ మారకుండానే పని పూర్తయినట్టు చూపించే అవకాశం ఉంది. అందుకే పని అయ్యాక ఏదో ఒక పిక్సెల్ నొక్కి చూడకుండా లేవకండి.

అడుగుల్లోనూ రకాలున్నాయి. 1959లో ఒప్పుకున్న అంతర్జాతీయ అడుగు కచ్చితంగా 0.3048 మీటర్లు. యూఎస్ సర్వే అడుగు 1200 బై 3937 మీటర్లు, అంటే 0.3048006. అమెరికా 2022 చివరితో దీన్ని వాడుకలోంచి తీసేసింది, కానీ పాత డేటా పాతదే కదా, ఇంకా ఎన్నో ఏళ్లు మనదగ్గరికి వస్తూనే ఉంటుంది. ఎత్తుల్లో ఈ తేడా గురించి టెన్షన్ పడక్కర్లేదు, 3,000 అడుగులకి వచ్చే తేడా 2 మిల్లీమీటర్ల లోపే. అడ్డం కొలతల్లో మాత్రం పట్టించుకోవాలి. కాలిఫోర్నియా జోన్ 6లో ఫాల్స్ ఈస్టింగ్ (ఎక్స్ అంకెలు మైనస్‌లోకి పోకుండా ముందే కలిపే సంఖ్య) 65 లక్షల 61 వేల అడుగుల పైచిలుకు, ఆ అంకె దగ్గర అడుగు రకం తప్పు ఎంచుకుంటే మ్యాపు మొత్తం 4 మీటర్లు పక్కకి జరుగుతుంది. కాంపౌండ్ సీఆర్‌ఎస్‌లో 6360 బదులు 8228 ఎంచుకుంటే అది అంతర్జాతీయ అడుగు, ఎత్తు వరకు ఏదైనా ఒకటేలా కనబడుతుంది, అయినా సరైనదే రాయడం మంచిది.

మనకి సొంత అడుగు కూడా ఉండేది. ఈపీఎస్‌జీ పట్టికలో భారతీయ అడుగు పేరుతోనే వేర్వేరు ఏళ్ల విలువలు ఉన్నాయి, 1937ది 0.30479841 మీటర్లు. చెన్నైలో 1802లో విలియం లాంబ్టన్ అనే సర్వేయర్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్ (మిగతా కొలతలకి ఆధారమైన మొదటి గీత) గొలుసుతో కొలిపించాడు. ఆ తర్వాత దేశాన్ని త్రికోణాలతో కొలిచిన గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అంతా ఆ గీత మీద నుంచే పెరిగింది. మెట్రో ఎక్కి సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్‌లో దిగినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొచ్చి ఒక రకమైన గౌరవం కలుగుతుంది. పాత అంగుళానికి మైలు టోపో షీట్లలో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) 50 అడుగుల తేడాతో ఉంటాయి, తర్వాతి 1:50,000 షీట్లలో 20 మీటర్ల తేడాతో. బెంగళూరు పాత చెరువులు, రాజకాలువలు ఎటు పోయేవో తెలుసుకోవడానికి ఆ పాత షీట్లు డిజిటైజ్ చేసేవాళ్లు, 2900 అని రాసి ఉన్న కాంటూర్‌ని అలాగే ఎంటర్ చేసి డెమ్ కడతారు. తప్పులేదు, అడుగులని రాసిపెడితే చాలు. రాయకుండా దాన్ని ఎస్‌ఆర్‌టీఎమ్ పక్కన పెట్టి పోల్చడమే ఇబ్బంది.

ఈ నగరానికి ఇది ఎందుకు ముఖ్యమో ఇక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, బెళ్లందూరు వైపు పడవల్లోనూ ట్రాక్టర్ల మీదా జనాన్ని తరలించడం అందరం చూశాం. ఇక్కడి నీళ్లు ఒక చెరువు నిండి ఇంకో చెరువులోకి దిగుతూ బెళ్లందూరు, వర్తూరు మీదుగా దక్షిణ పినాకినిలోకి పోతాయి. ఆ దారిలో వాలు చాలా తక్కువ. అలాంటి చోట ఎత్తు ఒక మీటరు తేడా వస్తే ఎవరి ఇల్లు మునిగే గీతకి ఇవతల ఉంది, ఎవరిది అవతల ఉందనేది మారిపోతుంది. ఆ మ్యాపు చూసి ఇల్లు కొనేవాళ్లు, అపార్ట్‌మెంట్ కింద మోటారు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఈపీఎస్‌జీ అంటే ఏంటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలియాల్సింది మనకి.

పరీక్షించుకోవడం పెద్ద పనేం కాదు. తెలిసిన ఎత్తులు నాలుగు మనసులో ఉంచుకోండి. కెంపేగౌడ విమానాశ్రయం 3,000 అడుగులు, అంటే సుమారు 915 మీటర్లు. విమానాలవాళ్లు ఇప్పటికీ అడుగుల్లోనే చెబుతారు. పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం 2,900 అడుగుల పైన, సుమారు 887 మీటర్లు. నంది కొండ 1,478 మీటర్లు, అడుగుల్లో 4,849. ఇక అన్నిటికంటే నాకిష్టమైనది రైల్వే స్టేషన్ పసుపు బోర్డు. చాలా స్టేషన్లలో పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది. ఊరెళ్లేటప్పుడు ప్లాట్‌ఫాం మీద ఫొటో తీసి పెట్టుకోండి, గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం, యలహంక, అన్నీ. మీ డెమ్‌లో ఆ స్టేషన్ మీద నొక్కితే బోర్డు అంకెకి కొద్ది మీటర్ల దూరంలో రావాలి. మూడు రెట్లు వస్తే అడుగులు. మూడో వంతు కంటే తక్కువ వస్తే రెండుసార్లు మార్చారు. 80, 90 మీటర్లు తక్కువ వస్తే యూనిట్ కాదు, ఎలిప్సాయిడ్ సంగతి చూడండి.

మొత్తం ఫైలుకి అయితే మార్పుకి ముందూ తర్వాతా కనిష్ఠం, గరిష్ఠం, సగటు తీసి పక్కపక్కన పెట్టండి. కనిష్ఠం మైనస్ వేలల్లో ఉంటే నోడేటా దొర్లింది. గరిష్ఠం ముందు కంటే పెరిగితే క్యూబిక్ రీశాంప్లింగ్ గట్ల దగ్గర కాస్త ఎగదోసి ఉంటుంది, ఎత్తులకి బైలీనియర్ వాడండి. డీఫాల్ట్‌గా వచ్చే నియరెస్ట్ నైబర్ (దగ్గరి గడి విలువనే తీసుకునే పద్ధతి) మాత్రం ఎత్తులకి వద్దు, హిల్‌షేడ్ వేసినప్పుడు బట్ట మీద గళ్లలాగా గీతలు పడతాయి.

చివరగా లేబుల్. జియోటిఫ్‌లో ప్రతి బ్యాండ్‌కి యూనిట్ టైప్ అని ఒక గడి ఉంటుంది, జీడాల్‌ఎడిట్‌లో యూనిట్స్ ఆప్షన్‌తో దాన్ని నింపవచ్చు. అది పేరు రాయడమే, అంకెల్ని మార్చదు, అసైన్ ప్రొజెక్షన్‌కీ వార్ప్‌కీ ఎంత తేడా ఉందో దీనికీ గుణించడానికీ అంతే తేడా. క్యూజీఐఎస్ లేయర్ ప్రాపర్టీస్‌లో ఎలివేషన్ ట్యాబ్‌లో కనబడే స్కేల్, ఆఫ్‌సెట్ కూడా ప్రొఫైల్‌కీ త్రీడీ వ్యూకీ మాత్రమే, ఫైల్లో అంకెలు అలాగే ఉంటాయి, ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే అవతలివాళ్లకి పాత అడుగులే వెళ్తాయి. మా దగ్గర ఇప్పుడు ఫైలు పేరులోనే ఎత్తు యూనిట్, డేటమ్ (సున్నా ఎక్కడనేది) రెండూ రాస్తున్నాం, బ్యాండ్ యూనిట్ నింపుతున్నాం, జీడాల్‌ఇన్ఫో నడిపి యూనిట్ టైప్ లైను కనబడిందా లేదా చూసి, ఒక తెలిసిన చోట విలువ నొక్కి చూశాకే ఫైలు బయటికి పంపుతున్నాం.